మా మావ దగ్గడం మానేసిన సంగతి

నా కాళ్ళు మండడం మొదలైనప్పుడు, అవి ఎందుకు మండుతున్నాయో నాకు తప్ప ఊళ్ళో అందరికీ తెలుసు. పలాస జీడి ఫ్యాక్టరీలో నా పక్కన కూర్చుని పప్పు పొట్టు తీసే ఆడవాళ్ళు జీడి వేడి అన్నారు. ఎదురింటి ముసలమ్మ దిష్టి అంది. మా మావ ఒంట్లో వేడి అన్నాడు. నాకు తెలిసిందల్లా ఒకటే. పడుకునేసరికి అరికాళ్ళు పొయ్యిలో పెట్టినట్టు ఉండేవి. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని. చీమలు పాకుతున్నాయని లేచి చూస్తే చీమా ఉండేది కాదు, దోమా ఉండేది కాదు. గచ్చు మీద పాదాలు ఆనించి, ఎవర్ని తిట్టాలో తెలీక నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చునేదాన్ని. తొంభైల చివరి మాట ఇది. అప్పటికి నాకింకా నలభై నిండలేదు.

మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరి ఊరు. ఇసక నేల, కొబ్బరి, జీడిమామిడి, మధ్యమధ్యలో పనస. ఇంట్లో ఉండేది ముగ్గురం. మా ఆయన కొబ్బరికాయల లారీ నడిపేవాడు. లోడు ఎత్తితే ఒరిస్సా దాటి ఎక్కడెక్కడికో పోయి, ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియనట్టు వచ్చేవాడు. మేనమామ కొడుకే కాబట్టి ఇప్పటికీ బావ అనే పిలుస్తాను. ఒక్కగానొక్క కూతుర్ని అప్పటికే మందస ఇచ్చేశాం. అత్త పోయి చాలా ఏళ్ళయింది. బావ లారీ ఎక్కితే ఇంట్లో మిగిలేది నేనూ, మావా.

మావ అంటే మా అమ్మకి సొంత అన్న. పెళ్ళికి ముందు ఆయన బీడీకట్ట దాచేసి, బతిమాలించుకుని గానీ ఇచ్చేదాన్ని కాదు. మెడలో పుస్తె పడ్డ రోజు నుంచి ఆ ఆటలన్నీ బంద్. మా వైపు పద్ధతి అది. కోడలు మావ ముందు కూర్చోదు. మావ కోడలి మొహంలోకి చూసి మాట్లాడడు. మా మావ ఇంట్లోకి వచ్చేముందు గుమ్మం బయటే నిలబడి ఓ దగ్గు దగ్గేవాడు. నేను కొంగు సర్దుకోవడానికి, మంచం మీద ఉంటే లేవడానికి ఆ దగ్గు. లోపలికొచ్చాక చెప్పాల్సిందేదో నేలకేసి చూస్తూ చెప్పి వెళ్ళిపోయేవాడు. ప్రేమ తగ్గిందని కాదు. నా చేతికి ఇవ్వాల్సినవన్నీ గోడ మీద పెట్టి వెళ్ళేవాడు, అంతే తేడా. పనస తొనలు, తాటి ముంజలు, ఓసారి సంతలో కొన్న గాజులు కూడా అలా గోడ మీదే దొరికాయి నాకు.

నా మంటలు చూసి ఆయన ఊరుకోలేదు. పెరట్లో ఓ పొట్టి కొబ్బరిచెట్టు ఉండేది. ఊరంతటి మీద దాని నీళ్ళంత తియ్యటి నీళ్ళు లేవని ఆయన నమ్మకం, నమ్మడమే కాదు, దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చెప్పేవాడు. పొద్దున్నే రెండు బొండాలు దింపి, చెంబులోకి వంచి, అందులో పటికబెల్లం పొడి గుప్పెడు వేసి, గుమ్మం పక్కన పెట్టి నేలకేసి చెప్పేవాడు.

"తాగీయమ్మీ. ఏడి సేసినాది. సల్లబడతాది."

సాయంత్రం నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మళ్ళీ చెంబు సిద్ధం. వద్దనే ధైర్యం నాకు లేదు. నిజం చెప్పాలంటే వద్దనాలని కూడా లేదు. ఒక మనిషి నీకోసం రోజూ చెట్టెక్కుతుంటే, ఆ నీళ్ళు తియ్యగా కాక ఎలా ఉంటాయి? అంత తాగినా దాహం తీరేది కాదు. దాహం తీరలేదంటే వేడి ఇంకా తగ్గలేదని ఇంకో బొండాం కొట్టేవాడు.

బావకి మాత్రం వేరే భయం పట్టుకుంది. మా ఉద్దానంలో కిడ్నీ అనే మాట ఎవరూ గట్టిగా అనరు. ఏ ఊరికెళ్ళినా ఆ జబ్బుతో మంచాన పడ్డవాళ్ళుండేవారు ఆ రోజుల్లో. నీళ్ళ వల్ల అని ఒకరు, మందుల వల్ల అని ఒకరు అనేవారు గానీ, ఎందుకొస్తోందో తేల్చి చెప్పినవాళ్ళు లేరు. నీరసమన్నా, కాళ్ళు లాగుతున్నాయన్నా, ఆకలి లేదన్నా మాకు ముందు తట్టేది అదే. బావ ఓసారి లోడు దింపి వస్తూనే నన్ను పలాస తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాడు. ఏం పరీక్ష కావాలని అడిగితే "కిడ్నీది" అన్నాడు. వాళ్ళు కిడ్నీదే చేశారు. బాగుందన్నారు.

ఆ పూట మా సంతోషం చూడాలి. బావ బస్టాండు దగ్గర జీడిపప్పు పాకం పొట్లం కొన్నాడు. పొద్దస్తమానం జీడిపప్పు మధ్యలో కూర్చునేదాన్ని, అయినా అంత రుచి ఎప్పుడూ అనిపించలేదు. ఇంటికి చేరేలోగా సగం తినేశాం. మిగతా సగం మావకని దాచి, దాంట్లోనూ సగం తినేశాను. అడిగినదానికి సమాధానం దొరికింది కదా, ఇంకేం కావాలి? షుగరు అనేది ఒకటుందని మాకు తెలుసు. అది పట్నంలో కుర్చీలో కూర్చుని తినేవాళ్ళకి వస్తుందని కూడా తెలుసు.

ఇంకొన్నాళ్ళకి ఆ మంటలు వాటంతటవే తగ్గుముఖం పట్టాయి. ముందు వేళ్ళ దగ్గర, తర్వాత అరికాలంతా. దుప్పటి తగిలినా ఏమీ లేదు. చీమలూ పోయాయి. హాయిగా నిద్రపట్టింది. నేను చెప్పేలోగానే మావ కనిపెట్టేశాడు.

"సూసినావా? మందులేటి, మాకులేటి. మన సెట్టు నీల్లే మందు," అన్నాడు గుమ్మంతో.

ఆయన గర్వానికి ఆ రోజుల్లో పట్టపగ్గాల్లేవు. ఎవరికి ఒళ్ళు వేడన్నా, ఎవరికి కళ్ళు మండినా, బొండాలు భుజాన వేసుకుని వాళ్ళింటికి పోయేవాడు. నేను కూడా ఫ్యాక్టరీలో మా మావ వైద్యం గురించి గొప్పలు పోయాను. కాళ్ళకి నొప్పి తెలియడం లేదంటే జబ్బు నయమైందనుకున్నాం తప్ప, నొప్పిని తెలిపే నరాలే పోతున్నాయని ఇద్దరిలో ఎవరికి తడుతుంది?

ఓ రోజు బస్సు దిగి నాలుగడుగులు వేశానో లేదో, వెనకొస్తున్న ఆడవాళ్ళు పకపకా నవ్వడం మొదలెట్టారు.

"ఒలే, నీ రెండో సెప్పేదే?"

చూసుకుంటే ఒక కాలికే చెప్పుంది. రెండోది బస్సులోనే ఉండిపోయింది, బస్సు వెళ్ళిపోయింది. కాలి నుంచి చెప్పు జారిపోవడం, ఒట్టికాలితో మెట్లు దిగడం, కంకర రోడ్డు మీద నడవడం, ఏదీ నాకు తెలియలేదు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. ఇంటికొచ్చి ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం కొంచెం గుబులు పుట్టింది. కాసేపు ఆ పాదాన్ని గిల్లి చూసుకుని, పనిలో పడి మర్చిపోయాను.

అసలు చెప్పులతో నాకున్న సంబంధం అంతంతమాత్రం. మా వీధిలో పెద్దవాళ్ళ ముందు కోడళ్ళు చెప్పులేసుకోరు. వీధి మొదట్లోనే విప్పి, చంకలో పెట్టుకుని, కొంగు కప్పుకుని నడుస్తాం. ఇంట్లో వేసుకోవడం అనే మాటే లేదు. ఫలానావారి కోడలు మావ ఎదుట చెప్పులతో టకటకా నడిచిందట అని ఒకసారి పేరొస్తే, ఆ పేరు మనవలు పుట్టినా పోదు. నన్నెవరూ శాసించలేదు. మా అమ్మ అలా నడిచింది, నేనూ అలాగే నడిచాను.

అలా చెప్పులు చంకలో పెట్టుకుని వస్తున్నప్పుడే, దారిలో ఎక్కడో మొగలి ముల్లు దిగింది. మా వైపు దడులన్నీ మొగలి పొదలే. ముల్లు దిగిన సంగతి నాకు తెలీదు. ఇంటికొచ్చాను, వాకిలి ఊడ్చాను, నీళ్ళు తోడాను, వంట మొదలెట్టాను. గుమ్మం బయట దగ్గు వినిపించింది. కొంగు సర్దుకుని పక్కకి తప్పుకున్నాను. మావ లోపలికొచ్చి, అలవాటు ప్రకారం నేలకేసి చూసి, అక్కడే ఆగిపోయాడు.

"ఎవలికి తెగినాదే?"

"ఎవలికీ నేదు మావా."

"మరీ నెత్తురేటి?"

గచ్చు మీద అడుగులు. నూతి దగ్గర్నుంచి వంటింటి దాకా, వంటింటి నుంచి గుమ్మం దాకా, ఎర్రటి అడుగులు. నాకంటే ముందు ఆయన వాటి వెంట నడిచాడు. అవి నా దగ్గరకొచ్చి ఆగాయి. కాలెత్తి చూసుకుంటే చిటికెనవేలి కింద ముల్లు మొదలంటా దిగి ఉంది, చుట్టూ కండ నానిపోయి తెల్లగా ఉంది. ముల్లు నేనే లాగాను. లాగుతుంటే కూడా ఏమీ తెలియలేదు. అప్పుడు భయం వేసింది. ఒళ్ళు చల్లబడిపోయేంత భయం.

పసుపు అద్దాం, ఆకు పసరు కట్టాం. తగ్గలేదు, చీము పట్టింది. బావ లారీ మీద ఉన్నాడు. మావ నన్ను టెక్కలి తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళాడంటే, బస్సులో నేను ముందు ఆడవాళ్ళ సీట్లో, ఆయన వెనకెక్కడో. ఊళ్ళో దిగాక ఆయన ముందు, నేను అల్లంత దూరంలో.

డాక్టరు గాయం చూసి, రక్తం తీయించి, తర్వాత నన్ను బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. "అరికాలికి ఏదైనా తగిలినప్పుడల్లా చెప్పమ్మా," అన్నాడు. నేను కళ్ళు మూసుకుని ఎదురు చూశాను. ఎంతసేపటికీ ఏమీ లేదు. ఈయనకి వేరే పనేదో తగిలినట్టుందనుకుని, "ఎప్పుడు మొదలెడతారు బాబూ?" అన్నాను.

"అయిపోయిందమ్మా," అన్నాడు.

కళ్ళు తెరిచి చూస్తే ఆయన చేతిలో సూది, దూది ఉన్నాయి. గోడకి ఆనుకుని నిలబడ్డ మా మావ మొహం పాలిపోయి ఉంది. సూది గుచ్చడం ఆయన చూశాడు కదా.

షుగరు బాగా ఎక్కువగా ఉందన్నాడు డాక్టరు. పాదాల నరాలు దెబ్బతిన్నాయి, షుగరు వల్లే అయ్యుండొచ్చు, వేరే కారణాలు కూడా ఉంటాయి కాబట్టి ఇప్పుడే గట్టిగా చెప్పలేను అన్నాడు. ఏం తింటావు, ఏం తాగుతావు అని అడిగాడు. నేను నసిగాను. గోడ దగ్గర్నుంచి మావ చెప్పాడు.

"కొబ్బరి నీల్లు బాబూ. పొద్దున్న రెండు బొండాలు, సాయంత్రం రెండు. పటికబెల్లం ఏసి. నానే ఇచ్చినాను."

డాక్టరు మంచి మనిషి. "ప్రేమగానే ఇచ్చారు పెద్దాయనా. ఆ నీళ్ళ వల్ల షుగరు రాలేదు. కానీ ఉన్న షుగర్ని అవి పెంచి ఉంటాయి. ఇక మానేయండి," అన్నాడు. తర్వాత నాకూ ఆయనకీ కలిపి చెప్పాడు. ఈ పుండు మానకపోతే వేలు తీసేయాల్సి వస్తుంది, పైకి పాకితే పాదం. ఇంట్లో కూడా ఒట్టికాళ్ళతో నడవకూడదు. నొప్పి తెలీదు కాబట్టి కళ్ళతోనే తెలుసుకోవాలి, అరికాళ్ళు రోజూ చూడాలి. "ఆమెకి అందకపోతే మీరు చూడండి. మీ అమ్మాయే కదా."

మావ కాదనలేదు.

టెక్కలి బస్టాండుకి వెళ్ళే దారిలో ఆయన చెప్పుల కొట్టు ముందు ఆగాడు. మెత్తటివి కావాలన్నాడు. కొట్టువాడు సైజు అడిగితే, నన్ను పిలవకుండా, తన జాన పరిచి, దాని పక్కన ఇంకో రెండు వేళ్ళు ఆనించి చూపించాడు. నేను బయటే నిలబడి చూస్తున్నాను. తెచ్చి నా ముందు నేల మీద పెట్టాడు. పెట్టి అటు తిరిగాడు. సరిగ్గా సరిపోయాయి. పద్దెనిమిది ఇరవై ఏళ్ళుగా నా మొహం చూడని మనిషికి నా పాదాలు మాత్రం బాగా తెలిసిపోయాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇంటికొచ్చాక మొదలైంది అసలు సంగతి. చెప్పులు కొన్నది ఆయనే, అవి వేసుకోకూడనిదీ ఆయన ముందే. ఆయన తోటకి వెళ్ళగానే వేసుకునేదాన్ని. గుమ్మం బయట దగ్గు వినిపించగానే గబుక్కున విప్పి మంచం కిందకి తన్నేదాన్ని. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ ఒట్టికాళ్ళే, పుండు కట్టు మీదే నడక. ఆయన ఆ రోజుల్లో ఇంట్లోనే ఎక్కువ ఉండేవాడు, నాకెలా ఉందో చూసుకుందామని. అలా చూసుకోవడం వల్లే నా పుండు మానడం లేదని ఆయనకి తెలీదు పాపం.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరు కేకలేశాడు. పుండు అంచులు నల్లబడ్డాయి. "ఇంకో రెండు వారాలు చూస్తాను. ఇలాగే ఉంటే వేలు తీసేస్తాను," అన్నాడు. మధ్యలో ఇంటికొచ్చిన బావ కూడా కేకలేశాడు.

"మా అయ్య ముందు ఏసుకుంటే ఏటవుతాదే? కొంపలు మునిగిపోతాయా?"

"ఆ మాటేదో మీ అయ్యతో సెప్పు," అన్నాను.

నా భార్య నీ ఎదుట చెప్పులేసుకుంటుంది అని తండ్రితో చెప్పే కొడుకు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. బావ మళ్ళీ లారీ ఎక్కాడు. నాకు కోపం వచ్చింది. బావ మీద, డాక్టరు మీద, చెప్పుల మీద. పాదం పోతే పలాస బస్సెలా ఎక్కుతాను, ఫ్యాక్టరీలో బాసింపట్టు వేసుకుని ఎలా కూర్చుంటాను, నూతి దగ్గరికి ఎలా వెళ్తాను అని రోజంతా అదే ఆలోచన. అంత ఆలోచిస్తూ కూడా, దగ్గు వినిపిస్తే నా కాళ్ళు వాటంతటవే చెప్పులు విప్పేసేవి. అలవాటు ఎంత మొండిదో నాకు అప్పుడు తెలిసింది.

ఓ మధ్యాహ్నం చెప్పులతోనే నిలబడి గంజి వారుస్తున్నాను. వెనక ఏదో అలికిడైతే పిల్లి అనుకున్నాను. తిరిగి చూస్తే వంటింటి గుమ్మంలో మావ. దగ్గు లేదు, పిలుపు లేదు. నా కాళ్ళకేసి చూస్తున్నాడు. చేతిలో గంజి గిన్నె, కాళ్ళకి చెప్పులు. ఏది ముందు దించాలో తెలీక అలాగే నిలబడిపోయాను.

"ఉంచు. తీయకు," అన్నాడు.

గిన్నె దించాను. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడే చెప్పాడు.

"నాను దగ్గినప్పుడల్లా నివ్వు సెప్పులు తీసీత్తన్నావని నాకు తెలీదమ్మీ. మంచం కింద సూసినాను నిన్న. దగ్గడం మర్యాదనుకున్నాను. నా దగ్గే నీ కాలు తినేత్తంది. ఇకనించి దగ్గను."

మా మావ అన్ని మాటలు ఒక్కసారే మాట్లాడ్డం నేను వినడం అదే మొదలు. మా వైపు మగవాళ్ళు దగ్గకుండా ఇంట్లోకి రావడమంటే, తమ ఎదుట కోడలు ఎలా ఉన్నా ఫరవాలేదని ఒప్పుకోవడమే. అది ఆయనకి చిన్న విషయం కాదు. "అన్నం పెట్టీమంటావా మావా?" అన్నాను. పెట్టమన్నాడు. చెప్పులతోనే వడ్డించాను. పప్పు కొంచెం పక్కన పడింది. ఆయన చూడనట్టు తిన్నాడు.

మర్నాడు పొద్దున్న కొబ్బరి చెంబు పెట్టే చోట చెంబు లేదు. మావ పీట వేసుకుని కూర్చున్నాడు. పక్కన వేణ్ణీళ్ళు, డాక్టరిచ్చిన మందు, గుడ్డ. ముక్కు మీద కళ్ళజోడు.

"మంచం మీద కూకో. కాలిటు సాపు."

"వద్దు మావా. తప్పు." పెద్దవాళ్ళ చెయ్యి నా కాలికి తగిలితే ఆ పాపం నాకే కదా. గోడకి అంటుకుపోయాను. అద్దం కింద పెట్టి నేనే చూసుకుంటానన్నాను.

"అద్దంలో నీకేటి అవుపడతాది? దూరం సూపు నేదు, దగ్గర సూపు నేదు. ఆకు తిరగేసి సూడకపోతే సెట్టుకి పురుగు పట్టినట్టు ఎలా తెలుత్తాది? కాలియ్యి. బేగి. నాకు తోటలో పనుంది."

చివరికి తోట పని మాట విని ఇచ్చాను. ఆయన్ని తోట పనికి ఆలస్యం చేయడం కూడా తప్పే కదా, ఏ తప్పు చిన్నదో చూసుకున్నాను. సిగ్గుతో మొహం తిప్పేసుకున్నాను. ఆయన కట్టు విప్పి, కడిగి, మందు రాసి, వేలు వేలుకీ మధ్య చూసి, రెండో పాదం కూడా చూసి, చెప్పులు తొడిగి లేచాడు. పొట్టు తీసేటప్పుడు విరక్కుండా జీడిపప్పుని మేం ఎంత జాగ్రత్తగా పట్టుకుంటామో అంత జాగ్రత్తగా పట్టుకున్నాడు.

అప్పట్నుంచి అది రోజూ పని. ఊళ్ళో మాటలు రాకుండా ఉంటాయా? ఎదురింటి ముసలమ్మే మొదలెట్టింది. "ముసిలోడు కోడలి కాళ్ళు పిసుకుతన్నాడట," అని నూతి దగ్గర అందట. అది మావ చెవిన పడింది. సాయంత్రం ఆవిడ అరుగు మీద ఉన్నప్పుడు వెళ్ళి నిలబడి, "పిసకట్నేదు, సూత్తన్నాను. నీ కాలు కూడా సూపించు, సూసీత్తాను," అన్నాడు. ఆవిడ లోపలికి పోయి తలుపేసుకుంది. తర్వాత కొన్నాళ్ళకి తనకీ తిమ్మిర్లుగా ఉన్నాయని మెల్లిగా వచ్చి అడిగిందావిడే. మావ కొబ్బరి నీళ్ళివ్వలేదు. టెక్కలి వెళ్ళి షుగరు పరీక్ష చేయించుకోమన్నాడు.

పుండు మానింది. రెండు వారాలకి కాదు, వర్షాలు మొదలయ్యాక ఎప్పటికో. వేలు మిగిలింది. "ఎవరు చూస్తున్నారమ్మా?" అని డాక్టరడిగితే "మా మావ," అన్నాను. ఆయనకి ఆ మాట విలువ అర్థమైందో లేదో తెలీదు. పాదం మాత్రం మళ్ళీ ఇదివరకటిలా కాలేదు. ఇసకలో నడిస్తే ఇసక తెలీదు. బట్టల మూటల మీద నిలబడ్డట్టు ఉంటుంది. చీకట్లో నేల ఎక్కడుందో కాలు చెప్పదు, గోడ పట్టుకోవాలి. పలాస బస్సెక్కేటప్పుడు మెట్టు మీద కాలు పడిందో లేదో వంగి చూసుకుని ఎక్కుతాను. వెనకవాళ్ళు విసుక్కుంటే నేనూ విసుక్కుంటాను. మాత్రలు, అంబలి, లెక్కపెట్టి తినే అన్నం. అన్నిటికంటే కష్టం పనసపండు. మావ అది నా కంటపడకుండా తోటలోనే పంచేసి వచ్చేవాడు, ఒంటి మీద వాసన మాత్రం దాచలేకపోయేవాడు. కొబ్బరి నీళ్ళు నా ఎదుట తాగడం ఆయన కూడా మానేశాడు. ఎందుకని అడిగితే జలుబు చేస్తోందన్నాడు.

కాలు చూడడం ఒక్కరోజైనా మానాడా అంటే మానలేదు. జ్వరమొచ్చినా, ఇంట్లో చుట్టాలున్నా, నా మీద కోపమొచ్చినా పీట వేసేవాడు. కోపం నాకే ఎక్కువ వచ్చేది. కొన్ని పొద్దుటిపూటలు "ఏటీ నేదు మావా, ఇడిసీ," అని విసుక్కునేదాన్ని. విడిచేవాడు కాదు. ఓసారి వేళ్ళ సందున చిన్న బొబ్బ కనిపెట్టాడు. ఎక్కడ కాలిందో నాకు ఈ రోజుకీ తెలీదు. ఆ పూటే టెక్కలి పంపించాడు. ఇంకో నాలుగు రోజులాగితే మళ్ళీ వేలు మాట వచ్చేదన్నాడు డాక్టరు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. మావ కళ్ళు మసకబారాయి. కళ్ళజోడు మార్చినా లాభం లేకపోయింది. బావ ఆయన్ని శ్రీకాకుళం తీసుకెళ్ళి ఒక కంటికి శుక్లం తీయించి తీసుకొచ్చాడు. కంటికి పట్టీ, రెండో కన్ను ఎలాగూ అంతంతే. కొన్నాళ్ళు తల వంచకూడదని చెప్పి పంపారు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్న నేను అంబలి కాస్తుంటే, పీట ఈడ్చిన చప్పుడైంది.

"మావా, తల వంచొద్దన్నారు కాదేటి?"

"వంచను. పీట మీద నివ్వు కూకో, మంచం మీద నాను కూకుంటాను. నివ్వే కాలెత్తి నా ఒళ్ళో ఎట్టు."

ఒళ్ళో కాలు పెట్టడం. ఇన్నేళ్ళలో చాలా దాటొచ్చాం గానీ అది నా వల్ల కాలేదు. వద్దన్నాను. బావ చూస్తాడన్నాను. బావ వాకిట్లోనే ఉన్నాడు, విని, "సూత్తాను, నాకేటి," అన్నాడు. ఇద్దరూ ఒకటై నన్ను పీట మీద కూర్చోబెట్టారు. కాలెత్తి ఆయన పంచె మీద పెట్టాను. ఆయన తల నిటారుగా పెట్టుకుని, ఎదురుగోడ కేసి చూస్తూ, వేళ్ళతో తడమడం మొదలెట్టాడు. మడమ, అంచు, ఎప్పుడో మానిన మచ్చ, ఒక్కో వేలు, వేళ్ళ సందులు. కళ్ళు చేసే పనంతా బొటనవేలితో చేస్తున్నాడు. అందుకే చాలాసేపు పట్టింది.

ఎప్పుడూ మొహం తిప్పుకునేదాన్ని, ఆ పూట ఆయన చూడలేడు కదా అని తిన్నగా చూశాను. నా పాదం ఆయన చేతుల్లో ఉంది. ఉందని కళ్ళకి కనిపిస్తోంది, అంతే. ఇన్నేళ్ళుగా ఈ మనిషి పొద్దున్నే నా పాదం పట్టుకుంటున్నాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంటుందో చల్లగా ఉంటుందో నాకు తెలీదు. గట్టిగా పట్టుకుంటాడో మెల్లగా పట్టుకుంటాడో తెలీదు. నా కాలిని కాపాడిన చెయ్యిని నా కాలు ఒక్కసారి కూడా ఎరగదు. అది తట్టగానే ఏడుపు ఆగలేదు నాకు.

"ఏటమ్మీ? ఎక్కడైనా తెగినాదా?" అన్నాడు కంగారుగా, గోడకేసి చూస్తూనే.

నా చేతులు బాగానే ఉన్నాయి, వాటికింకా అన్నీ తెలుస్తాయి. చెయ్యి చాపి, నా పాదం మీదున్న ఆయన చేతి మీద పెట్టాను. ఎండిన కొబ్బరిపీచులా గరుగ్గా, వెచ్చగా ఉంది.